తుపాకి కాగితం మీద పెత్తనం ఎవరిది? మన సీమలో 200 ఏండ్ల కథ

ఈసారి వాన గురించి కాదు, ధర గురించి కాదు, తుపాకి గురించి రాస్తాండా. ఇదేందిరా, మళ్ళా ఫ్యాక్షన్ కథలా అనుకోవద్దండి. పంటకు కాపలా కాసే తుపాకి గురించి, దానికి ఇచ్చే లైసెన్సు గురించి, ఆ లైసెన్సు మీద అధికారం ఎవరికి ఎంతుందో దాని గురించి. పోస్టు పొడుగ్గా ఉంటుంది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

నల్లమల అంచున, లంకమల కింద, పాలకొండల పక్కన సేద్యం చేసేవాళ్ళకు అడవిపందుల సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. బుడ్డలు ఊరే టైముకు ఒక్క రాత్రి మంద పడితే తెల్లారేసరికి చేను దున్నినట్టు ఉంటుంది. మంచె వేసినాం, డబ్బాలు కొట్టినాం, పాత చీరలు కట్టినాం, మైకులో కుక్క అరుపులు పెట్టినాం. వాటికి అన్నీ అలవాటైపోయినాయి. అప్పుడు ఎవడో ఒకడు కరెంటు తీగ లాగుతాడు. దానికి పంది పడుతుందో లేదో గానీ, నీళ్ళు కట్టడానికి పోయిన పక్క చేను మనిషి పడతాడు. ఇట్లాంటి చావులు మన జిల్లాల్లో ఎన్ని విన్నామో మీకే తెలుసు. ఇంకొకడు నాటుబాంబు ఉండలు పెడతాడు. అది మేతకు పోయిన ఎద్దు నోట్లో పేలుతుంది.

మరి చట్టప్రకారం లైసెన్సు తీసుకుని ఒక తుపాకి పెట్టుకోవచ్చు కదా అంటే, ఊర్లో అందరిదీ ఒకటే మాట. "అబ్బా, ఎస్సై ఇయ్యడు. ఇచ్చినా ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుంటాడు." ఈ మాట మన నోళ్ళలో ఇంత గట్టిగా ఎట్లా నాటుకుంది? దీనికి 200 ఏండ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఈ మాటలో ఎంత నిజమో, ఎంత భయమో తెలుస్తుంది.

ముందు పాత కాలం. 1800 సంవత్సరంలో నిజాం నవాబు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పినాడు. అందుకే మనవి దత్తమండలాలు అయినాయి. అప్పటికి ఈ గడ్డ మీద సుమారు 80 మంది పాళెగాళ్ళు ఉన్నారు. ప్రతి ఒక్కరికీ ఒక కోటో బురుజో, దాంట్లో కొంతమంది ఆయుధాలు పట్టిన మనుషులో ఉన్నారు. అగ్గివత్తి పెట్టి కాల్చే తుపాకులు, ఈటెలు, కత్తులు వాళ్ళ దగ్గర మామూలే. ఊర్లలో కట్టుబడివాళ్ళు ఉండేవాళ్ళు. వీళ్ళకు ఇనాం భూమి ఉండేది. దానికి బదులు ఊరిని, దారిని, పంటను కాపలా కాయాలి. ఆ రోజుల్లో ఆయుధం పట్టడం ఒక ఊరి ఉద్యోగం. భూమికీ దానికీ ముడి ఉండేది.

కంపెనీ పంపిన మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. శిస్తు లెక్కలు సరిచేసిన మనిషిగా ఆయనకు మన దగ్గర మంచి పేరే ఉంది. 1827లో పత్తికొండలో కలరా వచ్చి చనిపోయినాడు. ఆ మన్రోనే పాళెగాళ్ళ బలం తీసేసినవాడు కూడా. ఆయనకు తోడు జనరల్ డుగాల్డ్ కాంప్‌బెల్ సైన్యం కోటల మీదికి పోయింది. లొంగినోళ్ళకు పింఛను, లొంగనోళ్ళకు జైలు. పాళెగాళ్ళ దౌర్జన్యం తగ్గినందుకు రైతులు సంతోషపడిన మాట నిజమే. కానీ అప్పటి నుంచే సర్కారు కండ్లకు ఒక రోగం పట్టుకుంది. సీమలో మనిషి చేతిలో తుపాకి కనపడితే వాడు పాళెగాడే అని చూసే రోగం.

ఆ రోగాన్ని ముదరబెట్టిన సంఘటనలు రెండున్నాయి. రెండూ కర్నూలు గడ్డ మీదనే జరిగినాయి.

మొదటిది 1839లో. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఫిరంగులు, మందుగుండు పోగేస్తున్నాడని కంపెనీకి అనుమానం వచ్చింది. సైన్యం వచ్చి వెతికితే కోటలో భారీ ఆయుధాల నిల్వ బయటపడింది. జొహరాపురం దగ్గర పోరాటం జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లికి పంపినారు. మరుసటి ఏడు ఆయన అక్కడే హత్యకు గురైనాడు. కర్నూలు కంపెనీ చేతికి పోయింది. ఆయుధాలు పోగేసిన అనుమానంతో ఒక రాజ్యమే పోయింది.

రెండోది మీ అందరికీ తెలిసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ. నెలకు 11 రూపాయల చిల్లర పింఛను మీద బతికే పాళెగాళ్ళ వారసుడాయన. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేసినాడు. ఆయన వెంట పోయిన మందలో ఎక్కువమంది ఎవరు? కట్టుబడివాళ్ళు. వాళ్ళ ఇనాం భూములను సర్కారు లాక్కుంటా ఉన్నింది. కాపలా కాసే పని పోయింది, ఆ పనికి ఇచ్చిన మడి పోయింది. చేతిలో పాత ఆయుధం మాత్రం మిగిలింది. ఆ ఏడే ఆయన్ని పేరుసోమల కొండల దగ్గర పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరి తీసినారు. తలను కోట గుమ్మానికి 1877 దాకా వేలాడదీసినారు. 30 ఏండ్లు! ఆ తల కింద నుంచే జనం సంతకు పోయి వచ్చినారు. ఆయుధం పడితే ఏమవుతుందో మూడు తరాల పిల్లలు చూస్తా పెరిగినారు.

1857 తిరుగుబాటు తర్వాత తెల్లోళ్ళు దేశం మొత్తం మీద ఆయుధాల చట్టాలు తెచ్చినారు. 1857లో ఒకటి, 1860లో ఒకటి. చివరికి వైస్రాయి లిట్టన్ కాలంలో 1878 ఆయుధాల చట్టం వచ్చింది. ఈ తేదీ గుర్తు పెట్టుకోండి. 1876 నుంచి 1878 దాకా మన దగ్గర ధాతు కరువు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాల్లో ఊర్లకు ఊర్లు ఖాళీ అయినాయి. జనం గంజి కేంద్రాల దగ్గర పడి చచ్చిపోయినారు. ఆ కరువు ఇంకా పూర్తిగా తేరుకోకముందే ఈ చట్టం వచ్చింది. అది చాలదన్నట్టు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నాలుగేండ్ల తేడాలో రైతు చేతిలోంచి తుపాకీ పోయింది, కాలి కింద అడవీ పోయింది. పంది మాత్రం ఆ అడవిలోనే ఉంది.

1878 చట్టంలో అసలు కిటుకు ఏంటంటే, అది అందరికీ ఒకటే చట్టం కాదు. యూరోపియన్లకు లైసెన్సు అక్కర్లేదు. బిరుదులున్న కొందరు పెద్దమనుషులకు అక్కర్లేదు. మామూలు మనిషికి మాత్రం కావాలి. దాన్ని ఇయ్యడం, ఇయ్యకపోవడం దొర ఇష్టం. ఇయ్యకపోతే ఎందుకని అడిగే వీలు లేదు. అంటే లైసెన్సు ఒక హక్కు కాదు, దయ. నమ్మకస్తుడికి ఇచ్చే బక్షీసు.

దీనికి మంచి ఉదాహరణ మన పక్క రాష్ట్రంలోనే ఉంది. కొడగు జిల్లాలో కొడవలకు, జమ్మా భూములున్న కుటుంబాలకు తుపాకి లైసెన్సు అక్కర్లేదని 1861లో బ్రిటిష్ కమిషనర్ మార్క్ కబ్బన్ మినహాయింపు ఇచ్చినాడు. వాళ్ళు కంపెనీకి విధేయులుగా ఉన్నారు కాబట్టి. ఆ మినహాయింపు ఇప్పటికీ నడుస్తా ఉంది. 2029 దాకా పొడిగించినారు. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. కొడగువాళ్ళ ఇండ్లలో తుపాకికి పూజ చేసుకునే పండుగే ఉంది. ఇక్కడ కట్టుబడివాడికి కూడా భూమికీ ఆయుధానికీ అదే ముడి ఉండేది. అక్కడ ఆ ముడిని కాపాడినారు, ఇక్కడ తెంచినారు. సర్కారు ఒకటే. మనం ఎదురు తిరిగినాం, అంతే తేడా. వాళ్ళ మీద నాకేం కుళ్ళు లేదు. భయం, నమ్మకం అనేవి చట్టంలోకి ఎట్లా దూరతాయో చెప్పడానికే ఇది రాసినా.

ఈ చట్టం మీద కోపం గాంధీకి కూడా ఉన్నింది. అహింస చెప్పిన మనిషి కదా, తుపాకుల గురించి ఏమంటాడులే అనుకుంటాం. 1918లో ఖేడా జిల్లాలో సైన్యంలో చేరమని రాసిన కరపత్రంలో, బ్రిటిష్ వాళ్ళు చేసిన చెడ్డ పనులన్నింట్లోకీ జాతిని నిరాయుధం చేసిన చట్టమే అన్నిటికంటే నల్లనిదని చరిత్ర చెబుతుందని రాసినాడు. 1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి మొదట తీసుకుపోయింది తుపాకులు, తూటాలే. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉండాలని రాసుకున్నారు.

మరి స్వాతంత్ర్యం వచ్చినాక ఆ హక్కు ఎక్కడికి పోయింది? 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరిగింది. హెచ్.వి. కామత్ ఈ హక్కు రాజ్యాంగంలో ఉండాలని అడిగినాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. హక్కు అని రాసేస్తే అలవాటు పడ్డ నేరగాడు కూడా నాకూ హక్కుందని వచ్చి నిలబడతాడని ఆయన వాదన. అందుకే మన రాజ్యాంగంలో 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతిగా సమావేశమయ్యే హక్కు గురించి చెబుతుంది గానీ, ఆయుధం పట్టే హక్కు గురించి చెప్పదు. అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు మన దగ్గర లేదు. ఆలోచిస్తే అంబేద్కర్ మాటలో న్యాయం ఉంది. ఫ్యాక్షన్ చూసిన మన సీమవాళ్ళకు అది వేరే చెప్పాల్సిన పని లేదు.

కానీ రాజ్యాంగంలో హక్కు లేనంత మాత్రాన అంతా ఎస్సై ఇష్టమేనా? కాదు. అసలు మలుపు ఇక్కడే ఉంది. మనోళ్ళు చాలామందికి ఇది తెలీదు, స్టేషన్లలో కూడా కొంతమందికి తెలీదు.

1959లో పార్లమెంటు కొత్త ఆయుధాల చట్టం చేసింది. 1962 అక్టోబర్ 1 నుంచి అమలైంది. 1878 నాటి దయ అనే మాటను ఇది చాలావరకు తీసేసింది. 13వ సెక్షన్ చూడండి. రక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తక్కువ కాని నాళం ఉన్న నున్నటి గొట్టం తుపాకి కావాలన్నా, నిజంగా పంట కాపలా కోసం మూతి నుంచి మందు కూరే తుపాకి కావాలన్నా, లైసెన్సు ఇయ్యాలి అనే చెప్పింది చట్టం. ఇయ్యవచ్చు అని కాదు, ఇయ్యాలి. మూతి నుంచి మందు కూరేది పంటకు సరిపోదని అధికారికి తోస్తే వేరే నున్నటి గొట్టం తుపాకికి కూడా ఇయ్యవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. మన దేశ చట్టంలో పంట కాపలా అనే మాట పేరు పెట్టి రాసి ఉంది. అది రైతు కోసం రాసిన మాట.

కాదనడానికి కారణాలు 14వ సెక్షన్‌లో ఉన్నాయి. మతి స్థిమితం లేనివాడు, చట్టం నిషేధించినవాడు, ఇతరత్రా అర్హత లేనివాడు, ప్రజల శాంతికి భద్రతకు ముప్పు ఉన్న సందర్భం, ఇట్లాంటివి. 21 ఏండ్లు నిండనివాడికి ఇయ్యరు. అది 9వ సెక్షన్. కాదంటే కారణం రాసి పెట్టాలి. అడిగితే ఆ కారణం చెప్పాలి, ప్రజా ప్రయోజనానికి అడ్డమైతే తప్ప. దాని మీద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు, అది 18వ సెక్షన్. ఇంకో ముఖ్యమైన మాట. ఆస్తి చాలినంత లేదని మాత్రమే చెప్పి కాదనడానికి వీల్లేదు. రెండెకరాల రైతుకూ, 200 ఎకరాల ఆసామికీ ఇక్కడ తేడా లేదు. తుపాకి అంటే పెద్దోళ్ళ సొత్తు అనే పాత లెక్కను ఈ ఒక్క వాక్యం కొట్టేసింది.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. ఈ లైసెన్సు ఎవరు ఇస్తారు? మన జిల్లాల్లో కలెక్టరు, జిల్లా మెజిస్ట్రేటు హోదాలో. పోలీసు కమిషనరేటు ఉన్న నగరాల్లో కమిషనరు. స్టేషన్ ఎస్సై పని విచారించి రిపోర్టు పంపడం. 2016 ఆయుధ నియమాలు ఆ రిపోర్టుకు గడువు కూడా పెట్టినాయి. రిపోర్టు రాకపోతే దానికోసం ఎదురుచూడకుండా నిర్ణయం తీసుకునే వీలు కూడా కలెక్టరుకు ఉంది. రద్దు చేయడం, కొన్నాళ్ళు ఆపడం, షరతులు మార్చడం కూడా 17వ సెక్షన్ కింద లైసెన్సు ఇచ్చిన అధికారే చేయాలి, ల్యాకపోతే ఆయన పైవాళ్ళు. అది కూడా కాగితం మీద, కారణం రాసి.

మరి పోలీసుకు ఏ అధికారం ఉంది? ఉంది, తక్కువేం కాదు. 19వ సెక్షన్ ప్రకారం తుపాకి పట్టుకుని పోతున్న ఎవరినైనా ఏ పోలీసైనా ఆపి లైసెన్సు చూపించమనవచ్చు. చూపించకపోతే పేరు, ఊరు అడగవచ్చు. అవసరమనుకుంటే తుపాకి స్వాధీనం చేసుకోవచ్చు. పేరు చెప్పకపోయినా, తప్పుడు పేరు చెప్పినాడని అనుమానం వచ్చినా, పారిపోతాడనిపించినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. అనుమానంగా ఆయుధాలు తీసుకుపోయేవాళ్ళను కూడా పట్టుకోవచ్చు, అది 20వ సెక్షన్. నేరం జరిగిన కేసులో తుపాకి ఉంటే జప్తు చేయవచ్చు. కానీ లైసెన్సు చేతిలో పెట్టి చూపించినాక, కేసు లేదు, అనుమానం లేదు, షరతు తప్పింది లేదు, అప్పుడు నోటిమాటతో తుపాకి తీసుకుపోయే అధికారం ఏ సెక్షన్‌లోనూ లేదు.

ఇక్కడే గందరగోళం అంతా. చట్టం 1959లో మారింది. స్టేషన్ అలవాటు మాత్రం 1878లోనే ఆగిపోయింది. లైసెన్సు ఉన్నోడు కూడా అనుమానితుడే అనే చూపు అట్లనే ఉంది. నిజం చెప్పాలంటే చట్టం తెలియకపోవడం మనలో కూడా అంతే ఉంది.

ఎన్నికల సంగతే చూడండి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా "లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలి" అని ఊరికి కబురు వస్తుంది. మా చుట్టాల్లో ఒకాయన ఉన్నాడు, అడవి పక్కన మూడెకరాల చేను. మూతి నుంచి మందు కూరే పాత తుపాకి, పంట కాపలా లైసెన్సు. ఆయన మీద జీవితంలో ఒక్క కేసు లేదు. ఒక ఎన్నికల వేసవిలో ఫోన్ రాగానే తీసుకుపోయి ఇచ్చినాడు. రసీదు అడగలేదు, వాళ్ళు ఇయ్యలేదు. ఫలితాలు వచ్చినాయి, వానలు వచ్చినాయి, బుడ్డలు విత్తినాడు, ఊరినాయి. తుపాకి మాత్రం రాలేదు. ఈ రోజు రా, రేపు రా, సారు లేడు, తాళం లేదు. చివరికి దసరా దాటినాక చేతికి వచ్చింది, నాళమంతా తుప్పు. ఆ లోపల రెండెకరాల బుడ్డలు పందుల పాలైనాయి. ఆ ఏడు చెట్టు పీకితే కాయ కంటే గుంతలే ఎక్కువ కనపడినాయి.

ఇందులో చట్టం ఏం చెబుతుందో చూడండి. 2009లో గోవాలో లైసెన్సున్న ఒకాయన ఇట్లాంటి ఆదేశం మీదనే బొంబాయి హైకోర్టుకు పోయినాడు. అందరి దగ్గరా గుండుగుత్తగా తుపాకులు తీసుకోవడం కుదరదని, ఒక్కొక్కరి సంగతి విడిగా చూడాలని కోర్టు చెప్పింది. దాని తర్వాత ఎన్నికల సంఘం సూచనలు ఇచ్చింది. ప్రతి జిల్లాలో జిల్లా మెజిస్ట్రేటు, ఎస్పీ కలిసిన పరిశీలన కమిటీ ఉండాలి. బెయిలు మీద బయట ఉన్నోళ్ళు, నేర చరిత్ర ఉన్నోళ్ళు, ముందు ఎన్నికల్లో అల్లర్లలో ఉన్నోళ్ళు, ఇట్లాంటి వాళ్ళవి ఒక్కొక్కటిగా చూసి తీసుకోవాలి. తీసుకుంటే రసీదు ఇయ్యాలి. ఫలితాలు వచ్చి వారం గడిచినాక తిరిగి ఇచ్చేయాలి. ఒకటి గుర్తు పెట్టుకోండి. తుపాకి ఇంట్లో ఉండనిచ్చినా, ఎన్నికల రోజుల్లో బయట పట్టుకుని తిరగకూడదని నిషేధం పెట్టే అధికారం మెజిస్ట్రేటుకు ఉంది. ఒకప్పుడు 144వ సెక్షన్ అనేవాళ్ళం. 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 163వ సెక్షన్. ఆ నిషేధాన్ని గౌరవించాల్సిందే.

పంది సంగతిలో తప్పు మనవైపు నుంచే ఎక్కువ. లైసెన్సు ఉంది కదా, పందిని కాల్చవచ్చు అనుకుంటారు. కుదరదు. తుపాకి లైసెన్సు ఒకటి, జంతువును చంపే అనుమతి వేరొకటి. అడవిపంది 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి అది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు నష్టం చేసే జంతువు విషయంలో ఆ చట్టం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇయ్యాలి. కేరళలో 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా తెచ్చినారు. మన దగ్గర మనం అడగాల్సింది అట్లాంటిదే. అంతవరకు కలెక్టరు ఇచ్చిన కాగితం అటవీశాఖ దగ్గర పనికిరాదు, అటవీశాఖ కాగితం ఉన్నా కలెక్టరు కాగితం లేకుండా తుపాకి ముట్టుకోకూడదు. పంట కాపలా లైసెన్సులో ఏ ఊరికి, ఏ ప్రాంతానికి అనేది రాసి ఉంటుంది. ఆ గీత దాటి పక్క మండలంలో పెండ్లికి తీసుకుపోతే అది షరతు తప్పడమే. 30వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు.

అటక మీద ఉన్న నాయన తుపాకి ఇంకొక ప్రమాదం. పెద్దాయన కాలం చేస్తే లైసెన్సు ఆయనతోనే పోతుంది. తుపాకి మాత్రం గుడ్డలో చుట్టి అటక మీద ఉంటుంది. కొడుకు దృష్టిలో అది నాయన జ్ఞాపకం. చట్టం దృష్టిలో అది లైసెన్సు లేని తుపాకి. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పజెప్పాలి, వారసుడు తన పేరు మీద లైసెన్సుకు అర్జీ పెట్టుకోవాలి. బతికుండగానే మార్చుకునే దారి కూడా ఉంది. లైసెన్సుదారుడికి 70 ఏండ్లు వచ్చినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏండ్లు ఉన్నా వారసుడికి మార్చవచ్చని 2016 నియమాలు చెబుతున్నాయి. పెద్దాయన ఉన్నప్పుడే ఈ పని చేసుకోవడం మేలు. అట్లనే రెన్యూవల్. ముందు మూడేండ్లకు ఒకసారి ఉండేది, 2019 సవరణతో ఐదేండ్లు అయింది. ఒక మనిషి దగ్గర ఉండగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గినాయి. పెండ్లిళ్ళలో, ఊరేగింపుల్లో సంబరానికి గాల్లోకి కాల్చితే రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

పోలీసుల వైపు నుంచి కూడా చూడాలి. వాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. మన జిల్లాల్లో ఎన్ని కుటుంబాలు నాటుబాంబులకు, వేటకొడవళ్ళకు పోయినాయో చూసినోళ్ళం. రాత్రి రోడ్డు మీద తుపాకి పట్టుకున్న మనిషి కనపడితే, వాడు పందుల కాపలాకు పోతున్నాడో పగ తీర్చుకోవడానికి పోతున్నాడో కానిస్టేబుల్‌కు మొహం చూసి తెలీదు. లైసెన్సు లేని నాటు తుపాకి దొరికితే 2019 సవరణ తర్వాత రెండేండ్లకు తగ్గకుండా ఐదేండ్ల దాకా శిక్ష. అది సరైనదే. ఆ నాటు తుపాకి వల్లనే లైసెన్సు తుపాకికి కూడా చెడ్డపేరు వస్తా ఉంది. కానీ ఈ రెండింటికీ తేడా చూడటమే కదా చట్టం పని. కాగితం ఉన్నోడినీ, లేనోడినీ ఒకే గాటన కడితే చివరికి ఏమవుతుంది? కాగితం ఎందుకు దండగ అని జనం నాటు తుపాకికీ, కరెంటు తీగకూ పోతారు. లైసెన్సు రైతును కష్టపెడితే లాభపడేది నాటు తుపాకి చేసేవాడే.

కాబట్టి లైసెన్సు ఉన్నోళ్ళకు, తీసుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇది. తుపాకి బయటికి తీస్తే అసలు లైసెన్సు వెంట ఉండాలి. తుపాకి కవర్లో ఉండాలి, భుజాన ఊపుకుంటా బజార్లో పోకూడదు. బహిరంగంగా తుపాకి ఝళిపించడాన్ని నియమాలు గట్టిగా నిషేధించినాయి. పోలీసు ఆపితే వాదన పెట్టుకోకుండా కాగితం చూపించండి, అది ఆయన హక్కు. తుపాకి అప్పజెప్పమంటే "సార్, రసీదు ఇయ్యండి, ఆదేశం కాపీ ఇయ్యండి" అని మర్యాదగా అడగండి, అది మన హక్కు. రసీదులో తుపాకి నంబరు, తేదీ, తుపాకి ఎట్లా ఉందో రాయించండి. తిరిగి ఇయ్యకపోతే స్టేషన్ చుట్టూ తిరగకుండా కలెక్టరుకు, ఎస్పీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. లైసెన్సుకు అర్జీ పెట్టి కాదనిపించుకుంటే "ఎందుకో రాసి ఇయ్యండి" అని అడగండి. నోటిమాట మీద కోర్టుకు పోలేం, కాగితం మీద పోగలం.

మన తాతల కాలంలో ఆయుధం భూమితో పాటు వచ్చింది, దొర దాన్ని భయంతో లాక్కున్నాడు. స్వతంత్ర దేశం దాన్ని తిరిగి ఇయ్యలేదు గానీ, పంట కాపలా కాసే రైతుకు ఒక వాకిలి మాత్రం తెరిచి పెట్టింది. ఆ వాకిలి దగ్గర నిలబడింది కలెక్టరు సంతకం. స్టేషన్‌వాళ్ళు ఆ వాకిలి దగ్గర మన కాగితం చూడవచ్చు, చూడాలి కూడా. తలుపు మూసే అధికారం మాత్రం వాళ్ళది కాదు. ఈ సంగతి మనకు తెలిసి, స్టేషన్లో సారుకూ తెలిస్తే, ఊర్లో ఒక కరెంటు తీగ తగ్గుతుంది. ఒక ప్రాణం మిగులుతుంది.

మీ ఊర్లో లైసెన్సున్న పెద్దాయన ఎవరైనా ఉంటే ఇది చదివి వినిపించండి. అందరూ చల్లగా ఉండాలి, పంట ఇంటికి రావాలి.